సాంబ్రాణి వేసిన జింకపిల్ల

పులి సంగతి తర్వాత

అటవీశాఖలో పశువైద్యులుగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు రాయపూర్‌లో, మోవాలోని మా ఇంటికి వస్తుంటారు. టీ కప్పు చేతికిచ్చేలోపే పులి గురించి మొదలుపెడతారు. మత్తు తుపాకీ ఎన్నిసార్లు పేల్చారు, చిరుత ఎప్పుడైనా మీద పడిందా, ఎలుగుబంటి తరిమిందా అని. నేను జింకల గురించి ఎత్తుకోగానే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. పెద్దావిడ కదా అని మర్యాద కొద్దీ వింటారు. మధ్యలో ఒకరు గడియారం చూసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ ఇంకో బిస్కెట్ తీసుకోమంటాను.

ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను. నేను పుట్టి పెరిగింది ఇదే ఊళ్ళో, గుఢియారీలో. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రైల్వేలో ఫిట్టర్‌గా చేరి ఇక్కడే స్థిరపడ్డాడు. కొత్త రాష్ట్రం ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన రోజుల్లో నేను పశువైద్యం పూర్తిచేసి అటవీశాఖలో చేరాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళు ఎవరికైనా ఒకేలా వస్తాయి, ఒకేలా విసిగిస్తాయి. వాటి జోలికి పోను. మహానది అవతలి అడవుల్లో చుక్కల జింకల్నీ వాటి పిల్లల్నీ చూస్తూ కూర్చోవడం, చూసినదాన్ని బట్టి ఎప్పుడు చెయ్యి పెట్టాలో ఎప్పుడు పెట్టకూడదో తేల్చుకోవడం, ఇదే నేను నిజంగా చేసిన పని. అందులోనూ చెయ్యి పెట్టకూడని సందర్భాలే ఎక్కువ. కాలేజీలో మాకు చెయ్యి పెట్టడం ఒక్కటే నేర్పారు.

కూర్చోవడం

జింకల్ని చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చేసే మొదటి తప్పు నడవడం. నడిస్తే మీకు కనిపించేవి పారిపోతున్న తోకలే. గాలి జింకల వైపు నుంచి మన వైపు వీచే చోటు చూసుకుని, చెట్టు మొదలుకి వీపు ఆనించి, అవి రాకముందే కూర్చోవాలి. వంటికి అత్తరు, తలకు మంచి వాసన నూనె, జేబులో గుట్కా ఉండకూడదు. కదలకుండా కూర్చున్న మనిషిని జింక పెద్దగా పట్టించుకోదు. దాని ముక్కుని మాత్రం ఎవరూ మోసం చెయ్యలేరు.

నా మొదటి రేంజర్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చిరచిరలాడుతూ ఉండేవాడు. కెమెరా తీసుకెళ్ళనిచ్చేవాడు కాదు. పొద్దున్నే నన్ను జీపులో తీసుకెళ్ళి ఒక గడ్డిమైదానం అంచున దించేసేవాడు. సాయంత్రం వచ్చి ఏం చూశావని అడిగేవాడు. ఏమీ లేదు సార్, జింకలు మేశాయి, వెళ్ళిపోయాయి అనేదాన్ని. అయితే రేపు మళ్ళీ రా అనేవాడు. అంత చదువు చదివింది ఇందుకా అని నాకు ఏడుపొచ్చేది. ఇంటికి వచ్చి అమ్మ మీద అరిచేదాన్ని.

అలా ఎన్నాళ్ళు గడిచాయో గానీ, ఒక సాయంత్రం మాత్రం నేనే ముందుగా చెప్పాను. గుంపుకి కాస్త దూరంగా ఒక ఆడజింక ఒంటరిగా మేస్తోంది సార్, మేస్తూ మేస్తూ మాటిమాటికీ ఒకే గడ్డిదుబ్బు వైపు చెవులు తిప్పుతోంది, అక్కడ ఏమీ లేదు అన్నాను. ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. జీపు ఆపించి, వెనక్కి తీసుకెళ్ళి నా పక్కనే కూర్చున్నాడు.

ఎండ తగ్గింది. ఆ జింక ఎటో పోతున్నట్టు ఒక చుట్టు తిరిగి ఆ దుబ్బు దగ్గరికి వచ్చింది. గొంతులోనే సన్నగా ఒక కూత పెట్టింది. నేను రోజంతా కళ్ళప్పగించి చూసిన చోటు నుంచే ఒక పిల్ల లేచి నిలబడింది. కాళ్ళు ఇంకా తడబడుతున్నాయి. పాలు తాగుతుంటే దాని తోక ఆగకుండా ఆడుతోంది. తల్లి దాని వెనక భాగం నాకి, అది వేసిన పెంట కూడా మింగేసింది. కాసేపు ఉండి మళ్ళీ తన దారిన వెళ్ళిపోయింది. పిల్ల తనకు తానే ఇంకో దుబ్బు చూసుకుని అందులో ముడుచుకుని పడుకుంది. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. రేంజర్ మర్నాటి నుంచి కెమెరా తెచ్చుకోనిచ్చాడు.

గడ్డిలో దాచిన పిల్ల

ఇది బాగా అర్థం చేసుకుంటే ఈ ఉద్యోగంలో సగం అర్థమైనట్టే. పుట్టిన కొత్తలో జింకపిల్ల తల్లి వెంట పరుగెత్తలేదు. అందుకని నేలకి అంటుకుపోయి పడుకుంటుంది. మెడ చాపేస్తుంది, చెవులు దించేస్తుంది. ఎవరైనా దగ్గరికొస్తే గుండె కొట్టుకోవడం కూడా మందగిస్తుంది. దాని ఒంటికి వాసన దాదాపు ఉండదు. ఉండకూడదనే తల్లి అంత శుభ్రంగా నాకుతుంది. పెద్ద జింకకి మాత్రం వాసన ఉంటుంది. అది పిల్ల పక్కనే నిలబడితే చిరుతకో అడవికుక్కకో అడ్రసు చెప్పినట్టే. కాబట్టి దూరంగా ఉండి, పాలవేళకి వచ్చి పోతుంది. తల్లి దూరంగా ఉండటమే కాపలా.

ఈ సంగతి తెలియనివాళ్ళకి గడ్డిలో పడున్న పిల్ల అనాథలా కనిపిస్తుంది. ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు, రోడ్డు కాంట్రాక్టర్లు, కార్లలో షికారుకొచ్చేవాళ్ళు, ఎవరికి దొరికితే వాళ్ళు జాలిపడి ఎత్తుకొచ్చేవారు. మా శాఖేమో అలా తెచ్చినవాళ్ళకి శాలువా కప్పి, ఫొటో తీసి పత్రికకిచ్చి, పిల్లని నగరం చివర మాకున్న కంచె ఆవరణలో చేర్చేది. అక్కడ ఆవుపాలు పడక చాలా పిల్లలు పారుడు పట్టుకుని చనిపోయేవి. నా చేతుల్లోనే పోయిన పిల్లలున్నాయి. వాటి గురించి ఎక్కువ రాయలేను.

బతికినవాటి సంగతీ గొప్పగా ఏం లేదు. సీసాపాలతో పెరిగిన ఒక మగజింక కొమ్ములొచ్చాక, మదమెక్కిన రోజుల్లో, తనకి పాలు పట్టిన మనిషినే తొడలో పొడిచింది. అతను బతికాడు, నడక మాత్రం మారిపోయింది. ఆ జింకని తప్పుపట్టలేం. మనిషిని తనలాంటి ఇంకో మగజింక అనుకుంది. మనిషంటే భయం లేనిదాన్ని అడవిలో వదల్లేం. వదిలితే సాయంత్రానికి ఊళ్ళో కుక్కల నోట్లో ఉంటుంది. ఉన్నన్నాళ్ళూ అది కంచె వెంబడి ఒకే దారిలో తిరిగేది. ఆ దారిలో గడ్డి మొలవడం కూడా మానేసింది. అక్కడికి వెళ్ళినప్పుడల్లా నేను అటువైపు చూడకుండా పని చూసుకుని వచ్చేసేదాన్ని.

ఉసిరిచెట్టు కోసం

మా గుఢియారీ తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరు పురుడు పోసుకున్నా సూరమ్మ పిన్ని రావాల్సిందే. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆవిడ పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, పసిబిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, సెనగపిండితో నలుగు పెట్టి వేణ్ణీళ్ళు పోస్తే ఎంత పేచీ బిడ్డైనా నిద్రపోవాల్సిందే. తర్వాత సాంబ్రాణి పొగ, పౌడరు, బుగ్గన దిష్టిచుక్క. నాకు పోసింది, మా తమ్ముడికి పోసింది, నా పిల్లలకీ పోసింది. మా వీధిలో సగంమంది ఆవిడ కాళ్ళ మీద ఏడ్చినవాళ్ళమే.

కార్తీకమాసంలో తెలుగువాళ్ళందరం కలిసి వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం. రాయపూర్‌లో పార్కులకి లోటు లేదు గానీ పాతిక కుటుంబాలు కూర్చునేంత నీడనిచ్చే ఉసిరిచెట్టు దొరకదు. ఉసిరిచెట్టు లేకపోతే అది వనభోజనం కాదు, వట్టి భోజనం అని మా పెద్దలు ఊరుకోరు. అందుకని బస్సు మాట్లాడుకుని, మహానది దాటి, అడవి అంచున వాగు పక్కన ఉసిరిచెట్లున్న చోటుకి వెళ్ళేవారు. అది అభయారణ్యం సరిహద్దుకి బయటే. ఊరివాళ్ళు అభ్యంతరం చెప్పరు. ఎవరూ చెయ్యకూడని పని చెయ్యలేదు.

కాకపోతే కార్తీకంలో ఉసిరికాయలు రాలతాయి. పైన కొండముచ్చులు సగం కొరికి సగం పారేస్తాయి. కింద జింకలు వాటికోసం చేరతాయి. మనం ఏ చెట్టు వెతుక్కుంటూ వెళ్తామో, అదే కాలంలో అవీ అదే చెట్టు కిందికి వస్తాయి. చుక్కల జింకలు ఎక్కువగా చలి చివర్లో ఈనతాయి గానీ ఏడాది పొడుగునా అక్కడో పిల్ల ఇక్కడో పిల్ల కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఏడాది ఒక తల్లి తొందరపడి ఈని, పిల్లని ఆ ఉసిరిచెట్ల పక్క గడ్డిలోనే దాచింది.

ఆ ఆదివారం నాకు డ్యూటీ ఉండి వెళ్ళలేదు. తర్వాత విన్నదాన్ని బట్టి మైకు పెట్టారు, అంత్యాక్షరి ఆడారు, పులిహోర సరిపోలేదని ఎవరో అలిగారు. సూరమ్మ పిన్ని చేతులు కడుక్కోవడానికి వాగు వైపు వెళ్తూ గడ్డిలో ఆ పిల్లని చూసింది. చేత్తో తాకింది. కదల్లేదు. చుట్టుపక్కల తల్లి లేదు. జీవితమంతా పసిబిడ్డల్ని చేతుల్లో ఆడించిన మనిషి. కదలని బిడ్డని చూసి ఊరుకోగలదా? దాన్ని శాలువాలో చుట్టుకుని బస్సెక్కింది. దారి పొడుగునా అందరూ మురిసిపోయారట.

సోమవారం పొద్దున్న

మర్నాడు పొద్దున్నే పక్కింటి ఫోను నుంచి నాకు కబురు చేసింది. ఒక జింకపిల్లని తెచ్చుకున్నాననీ, పాలు తాగడం లేదనీ, డాక్టరువి కాబట్టి ఓసారి వచ్చి చూడమనీ. మోవా నుంచి గుఢియారీ దాకా స్కూటర్ ఎలా నడిపానో నాకే తెలియదు.

ఇంట్లో అడుగుపెట్టగానే సాంబ్రాణి పొగ. పాత చీర మడతల మీద పిల్ల పడుకుని ఉంది. ముందురోజు సాయంత్రమే దానికి పూర్తి మర్యాద జరిగింది. నువ్వుల నూనె రాశారు, నలుగు పెట్టారు, వేణ్ణీళ్ళు పోశారు, పొగ పట్టారు, పౌడరు అద్దారు. బుగ్గన కాటుకతో దిష్టిచుక్క కూడా పెట్టారు. ఒళ్ళంతా చుక్కలున్న జంతువుకి ఇంకొక చుక్క. మరో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని. పక్కన ఉగ్గుగిన్నెలో ఆవుపాలు తొణకకుండా ఉన్నాయి. అది నోరు తెరవలేదట. అది మాత్రం మా అదృష్టం.

తట్టి చూశాను. నీరసంగా ఉంది గానీ ఊపిరి బాగుంది, కళ్ళు తేటగా ఉన్నాయి. అప్పుడు పిన్ని మీద కోపం తన్నుకొచ్చింది. ఎందుకు తెచ్చావని గట్టిగానే అడిగాను.

"తల్లి ఒగ్గీసి ఎలిపోనాది పాపా," అంది. "గడ్డిలో పడున్నాది. ముట్టుకుంటే కదల్దు, మెదల్దు. కార్తీకం ఠండ్‌కి బిగిసిపోనాదనుకున్నాను. సూసి కూడా ఒగ్గీసి వచ్చీమంటావేటి?"

"తల్లి ఒగ్గీలేదు పిన్నీ. దాచుకుంది. దాచుకున్న సోటు నుంచి నువ్వు ఎత్తుకొచ్చీసినావు."

ఆవిడ నిలబడ్డచోటే గోడకి ఆనుకుంది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. అవి పిల్లకి రెండో స్నానం కోసమని నాకు అర్థమైంది. ఆవిడే వెళ్ళి పొయ్యి ఆపింది.

"అయితే తల్లి ఎతుకుతుంటాదా?"

"రాత్రంతా ఎతికుంటాది."

కొంగు బిగించుకుని, చెప్పులేసుకుని, వెదురుబుట్టలో చీర పరిచి పిల్లని అందులో పెట్టింది. నువ్వు రానక్కర్లేదు పిన్నీ అన్నాను. నేను ఆ మాట అననట్టే ముందుకి నడిచింది.

సాహెబుగారు ఇచ్చిన గడువు

జీపు కోసం ఆఫీసుకి వెళ్ళేసరికి మా పై అధికారి సాహెబుగారికి కబురు అందిపోయింది. బస్సులో వచ్చినవాళ్ళెవరో పత్రికవాళ్ళకి చెప్పారు. ఫొటోగ్రాఫరు మధ్యాహ్నానికి వస్తున్నాడు, పెద్దావిడకి శాలువా తెప్పిస్తున్నాను, పిల్లని కంచె ఆవరణకి పంపే కాగితం తయారవుతోంది అన్నాడు హిందీలో, ఎంతో సంతోషంగా.

ఆయన్ని దుర్మార్గుడిగా చూపించడం నాకిష్టం లేదు. కింది ఉద్యోగుల జీతాలు ఆలస్యమైతే పోట్లాడేవాడు. ఆడపిల్లనని నన్నెప్పుడూ తక్కువ చెయ్యలేదు. ఆయనకున్న భయమల్లా పత్రికంటేనే. అడవిలో వదిలాక ఆ పిల్లని చిరుత ఎత్తుకుపోతే రేపు శాఖ చంపేసిందని రాస్తారు, కంచెలో ఉంటే కనీసం కళ్ళముందు ఉంటుంది అన్నది ఆయన వాదన. కంచెలో నెమ్మదిగా చచ్చేదాన్ని గురించి ఏ పత్రికా రాయదు కాబట్టి అది చావుగా లెక్కకి రాదు. ఇలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్ళతో ధర్మం గురించి వాదించకండి, ఓడిపోతారు. కొంచెం సమయం అడగండి. సమయమైతే ఇస్తారు.

నాకు ఆ రోజు సాయం చేసింది వైర్‌లెస్. అటువైపు బీట్ గార్డుని పిలిచి ఉసిరిచెట్ల దగ్గర చూసి రమ్మన్నాను. కాసేపటికి జవాబు వచ్చింది. ఒక ఆడజింక ఒంటరిగా అక్కడక్కడే తిరుగుతోంది, పొదుగు బిగుసుకుని ఉంది, గుంపు వాగు దాటి పోయినా ఇది పోలేదు అన్నాడు. ఆ మాట విన్నాక నాకు పోట్లాడే ఓపిక వచ్చింది. చీకటి పడేదాకా గడువిచ్చాడు సాహెబు. అప్పటికీ తల్లి దగ్గరికి రాకపోతే జీపు నేరుగా కంచె ఆవరణకే రావాలి, మళ్ళీ వాదన ఉండకూడదు. ఫొటోగ్రాఫరుకి తనే ఏదో చెప్పుకుంటానన్నాడు. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు.

జీపెక్కాక అసలు భయం మొదలైంది. మనిషి ముట్టుకున్న పిల్లని తల్లి మళ్ళీ ముట్టదని జనం అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. తొందరగా తిరిగి పెట్టేస్తే తల్లులు తీసుకోవడం నేను చూశాను. కానీ ఆ పిల్లలకి ఎవరూ నలుగు పెట్టలేదు. జింక తన పిల్లని ముక్కుతోనే గుర్తుపడుతుంది. ఈ పిల్ల ఒంటి మీద నూనె, సెనగపిండి, పౌడరు, పైన సాంబ్రాణి. నేను చదివిన ఏ పుస్తకంలోనూ సాంబ్రాణి గురించి ఒక్క ముక్క లేదు.

బియ్యం మిల్లులు దాటాం, మహానది వంతెన దాటాం. పిన్ని బుట్ట ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తోంది. తల్లి రాకపోతే ఏం చేస్తారని చివరికి అడిగింది. కంచె ఆవరణ గురించి చెప్పాను. పెద్దయ్యాక వదుల్తారు కదా అంది. వదలరు పిన్నీ, చచ్చేదాకా అక్కడే అన్నాను. కొంచెం మెత్తగా చెప్పి ఉండవచ్చు. అప్పుడు నాకు మెత్తగా మాట్లాడే ఓపిక లేదు.

మట్టి స్నానం

వాగు దగ్గర దిగి ముందు గుడ్డ తడిపి పిండి, పిల్ల ఒళ్ళంతా తుడిచాను. చలికి బిగుసుకోకుండా మధ్యమధ్యలో పొడిగుడ్డతో అద్దుతూ ఎన్నిసార్లు తుడిచానో. పౌడరు పోయింది. కాటుక చెరిగి బుగ్గంతా అలుముకుంది. నూనె మాత్రం వదల్లేదు. గార్డు చూపించిన చోట, రాత్రి జింకల గుంపు పడుకున్న నేల మీద నుంచి మట్టి, ఎండుటాకులు, వాటి పెంట పోగుచేసి నలిపి, చేతులకి తొడుగులేసుకుని పిల్లకి పూయడం మొదలుపెట్టాను.

పిన్ని నా పక్కనే నిలబడి చూస్తోంది. ఆవిడకి ఎంత బాధగా ఉందో ముఖంలో తెలిసిపోతోంది.

"సెనగపిండి ఎట్టి తోమినాను," అంది. "నువ్వు పెంట రాస్తన్నావు."

ఆ రోజు మొదటిసారి నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. తనూ ఒక చెయ్యి వేస్తానంది. వద్దన్నాను. రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని నిలబడింది.

ముందురోజు విస్తరాకులు, కాగితం కప్పులు అక్కడక్కడా ఎగురుతున్నాయి. గార్డు అవన్నీ ఏరి తీసుకెళ్ళాడు. పిల్ల మొదట పడుకున్న గడ్డి ఇంకా అణిగే ఉంది. అక్కడే దించాను. చిటికెడు దుమ్ము వదిలి గాలి ఎటుందో చూసుకుని, దూరంగా చెదలపుట్ట వెనక నేనూ పిన్నీ కూర్చున్నాం. గార్డునీ డ్రైవరునీ జీపు దగ్గరికి పంపేశాను. అడవిలో ఎంత తక్కువమంది ఉంటే అంత మంచిది.

పుట్ట వెనక

చాలాసేపు ఏమీ జరగలేదు. కొండముచ్చులు కాయలు కొరికి పారేస్తున్నాయి. పిల్ల కదలకుండా పడుకుంది. పిన్నికి ఇలా కూర్చోవడం అలవాటు లేదు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా సర్దుకోలేదు. ఎండ పచ్చబడుతుండగా పిల్ల తల ఎత్తి అరిచింది. ఆకలి అరుపు. మళ్ళీ అరిచింది. పిన్ని వేళ్ళు నా మణికట్టుని పట్టుకున్నాయి. గోళ్ళు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది.

"ఏడుస్తంది పాపా."

"ఏడవనీ పిన్నీ. ఆ ఏడుపు మనకి కాదు."

ఆ అరుపుకే వచ్చింది. తునికి చెట్ల మధ్యలో ముందు చెవులు కనిపించాయి, తర్వాత ముఖం. ముందుకాలు నేలకి కొట్టింది. తల దించి, ఎత్తి, మళ్ళీ దించి చూసింది. మెల్లగా దగ్గరికి వచ్చి మెడ చాపి పిల్లని వాసన చూసింది. వెంటనే గట్టిగా చీది, వెనక్కి గెంతి, తోక ఎత్తుకుని చెట్లలోకి పోయింది.

సాంబ్రాణే కొంప ముంచిందనుకున్నాను. చీకటి పడటానికి ఎంతో సమయం లేదు. కంచె, ఆ గడ్డి మొలవని దారి కళ్ళముందు కనిపించాయి. పిన్ని వైపు చూడలేకపోయాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది.

పిల్ల మాత్రం ఊరుకోలేదు. తడబడుతూ లేచి నిలబడి, తల్లి పోయినవైపు చూసి అరుస్తూనే ఉంది. మొత్తానికి ఆ తల్లి మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకోవైపు నుంచి, పిల్లకి వెనకగా. ముఖం దగ్గరికి పోలేదు. తోక కింద వాసన చూసింది. అక్కడే ఆగింది. మళ్ళీ చూసింది. అక్కడ నా గుడ్డ, పిన్ని సెనగపిండి రెండూ సరిగా అందలేదేమో, దానికి కావలసిన గుర్తు దొరికింది. నాలుక చాపి నాకడం మొదలుపెట్టింది.

వెనక నుంచి వీపుకి, వీపు నుంచి మెడకి, చెవులకి, కాటుక అలుముకున్న బుగ్గకి. ఎక్కడా వదలకుండా, తోసి పడేస్తుందేమో అన్నంత గట్టిగా నాకుతోంది. పిల్ల ఊగుతూ నిలబడి ఉంది. కెమెరా నా సంచిలోనే ఉంది, తియ్యాలని తోచలేదు. దానికి మర్నాడు సాహెబుతో మాట పడ్డాను.

పిన్ని కళ్ళు తెరిచి చూస్తోంది. "మళ్ళీ నీళ్ళోస్తంది," అంది గుసగుసగా. "నాను పోసింది దానికి ఆనలేదు."

పిల్ల పొదుగు వెతుక్కుని పట్టుకుంది. తోక ఆడటం మొదలైంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నోరు కొంగుతో మూసుకున్నాను. గుండెల మీద నుంచి ఎవరో బండ దించినట్టయింది. అన్నేళ్ళ ఉద్యోగంలో అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న సాయంత్రం ఇంకొకటి లేదు. పాలు తాగినంతసేపూ మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం.

తర్వాత తల్లి నాలుగడుగులు వేసింది. పిల్ల వెనకే వెళ్ళి, ఎత్తుగా ఉన్న ఒక దుబ్బులో దూరి ముడుచుకుంది. తల్లి ఆగి ఒకసారి చెవులు తిప్పి, వాగు వైపు మేస్తూ వెళ్ళిపోయింది. చూస్తుండగానే చెట్లలో కలిసిపోయింది. గడ్డిలో మళ్ళీ ఆ పిల్ల ఒక్కతే. ముందురోజు పిన్ని చూసినప్పుడు ఎలా ఉందో అలాగే, మెడ చాపుకుని, చెవులు దించుకుని, కదలకుండా పడుకుంది. చలి దిగుతోంది.

పిన్ని లేచి నిలబడింది. నాకు భయమేసి ఆవిడ కొంగు పట్టుకున్నాను. ఆవిడ ఆ దుబ్బు వైపు చాలాసేపు చూసింది. భుజం మీది శాలువాని రెండు చేతులతో గట్టిగా దగ్గరికి లాక్కుంది. తర్వాత నా చేతిలోంచి కొంగు విడిపించుకుంది.

"లే పాపా, ఎలిపోదాం," అంది. "మనం ఇక్కడుంటే అది రాదు."

దుబ్బుకి దూరంగా చుట్టు తిరిగి, అడుగు చప్పుడు కాకుండా ఆవిడే ముందు నడిచింది. నేను ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ చూడలేదు.